చార్జి: ఒక మాట, అనేక భారాలు

మన ఇళ్లలో, కార్యాలయాలలో, కర్మాగారంలో దినమంతా వినిపించే ఆంగ్లపదాలలో ‘చార్జి’ ఒకటి. రైలు చార్జీలు పెరిగాయని ఇల్లాలు అంటుంది. ఫోనులో చార్జి లేదని పిల్లవాడు అంటాడు. కొత్త అధికారి చార్జి తీసుకున్నారని కార్యాలయంలో చెప్పుకుంటారు. పోలీసులు లాఠీచార్జి చేశారని పత్రిక వ్రాస్తుంది. డబ్బు, విద్యుత్తు, అధికారం, దెబ్బ - ఈ నాలుగూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. ఇన్ని అర్థాలు దానికి ఎలా కలిగాయి? ఉక్కు కర్మాగారంలో అవి ఒకచోట కలిసినప్పుడు మనం ఎందుకు జాగ్రత్త వహించాలి? ఈ రెండు ప్రశ్నలను ఇక్కడ పరిశీలిద్దాం.

మూలం బండిలో ఉన్నది

లాటిన్ భాషలో ‘కారుస్’ అంటే బండి. దాని నుండి పుట్టిన ‘కారికారే’ అనే క్రియకు బండిలో సరుకు ఎక్కించుట అని అర్థం. ఆ పదమే ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలో చేరి ‘చార్జి’ అయినది. కారు, కార్గో, క్యారీ అనే పదాలు కూడా ఈ కుటుంబానికి చెందినవే. కనుక చార్జి అనగా మొదట బరువు ఎత్తుట మాత్రమే. తుపాకీలో మందు దట్టించడాన్ని కూడా చార్జి అన్నారు. 18వ శతాబ్దిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ లీడెన్ జాడీలలో విద్యుత్తును నింపడానికి ఈ పదాన్నే వాడాడు. అటువంటి జాడీలను కొన్నిటిని కలిపి, ఫిరంగుల వరుసకున్న ‘బ్యాటరీ’ అనే పేరు పెట్టినవాడు కూడా ఆయనే.

ఇది విదేశీయుల ఊహ మాత్రమే కాదు. మన తెలుగులో ‘మోపు’ అనే మాటను చూడండి. తలపై బరువు మోపుతాము, ప్రజలపై పన్ను మోపుతారు, ఒకరిపై నేరం మోపుతారు, ఇంకొకరిపై బాధ్యత మోపుతారు. చార్జి అనే పదం నడిచిన దారిలోనే మన ‘మోపు’ కూడా నడిచినది. హిందీలో బాధ్యత వహించే అధికారిని ‘ప్రభారీ’ అంటారు. అందులోనూ ‘భారం’ దాగి ఉన్నది.

అయితే భౌతికశాస్త్రంలో ఈ పోలిక కొంతవరకే నిలుస్తుంది. ఎలక్ట్రానుపై ఉన్న విద్యుదావేశం ఎవరో ఎక్కించినది కాదు, ఎవరూ దించగలిగినది కాదు. అది దాని సహజ గుణం. చార్జి చేసిన కెపాసిటరులో కూడా కొత్తగా ఏదీ చేరదు. ఒక పలకపై ఎంత ధనావేశం చేరుతుందో, రెండవ పలకపై అంతే ఋణావేశం చేరుతుంది. మొత్తం శూన్యమే. కాని ఆ శూన్యానికి మనిషిని చంపగల శక్తి ఉన్నది.

మన కర్మాగారంలో

భిలాయిలో ఈ పదానికి మూలార్థం ఇంకా సజీవంగా ఉన్నది. దల్లీ-రాజహరా గనులలో రాతికి రంధ్రాలు వేసి, వాటిలో పేలుడు పదార్థం నింపడం చార్జింగ్. ఆ గనుల ఖనిజం, నందిని సున్నపురాయి, కోకు బ్లాస్ట్ ఫర్నేసు పైభాగం నుండి పొరలు పొరలుగా లోపలికి దిగడం కూడా చార్జింగే. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన మొదటి ఫర్నేసులోనూ, 2018లో వెలిగించిన 4,060 ఘనపు మీటర్ల ‘మహామాయ’లోనూ జరిగే పని ఇదే. యంత్రాంగం మారినది కాని మాట మారలేదు.

కోక్ ఓవెన్స్‌లో ‘బ్యాటరీ చార్జింగ్ జరుగుతున్నది’ అంటే కొత్తగా చేరినవారు తీగలకోసం వెదకవచ్చు. అక్కడ బ్యాటరీ అంటే వరుసగా కట్టిన ఓవెన్ల సముదాయం. చార్జింగ్ అంటే వాటిలోకి బొగ్గు పోయడం. మోటారు గ్యారేజీలో అదే వాక్యానికి పూర్తిగా వేరే అర్థం. రోలింగ్ మిల్లు వేడిచేసే ఫర్నేసుకు ఒకవైపు చార్జింగ్, మరొకవైపు డిశ్చార్జింగ్. డిశ్చార్జి అనే మాట సెక్టర్ 9 ఆసుపత్రిలో వినిపిస్తే ఇంటిల్లిపాదికీ పండుగ!

‘చార్జ్ హో గయా’

ఇంతవరకు ఇది వినోదమే. ఇక ప్రమాదం ఎక్కడ ఉన్నదో చూద్దాం. షాపులో ఎవరో దూరం నుండి ‘చార్జ్ హో గయా’ అని కేక వేశారనుకుందాం. ఫర్నేసు వద్ద ఉన్నవారికి అది పని పూర్తయినదన్న కబురు. బ్యాటరీలను చూసే వారికి వస్తువు సిద్ధమైనదన్న కబురు. విద్యుత్ విభాగానికి మాత్రం లైనులో వోల్టేజి ఉన్నది, దగ్గరకు రావద్దు అని హెచ్చరిక. మోటారు తిరగకపోవచ్చు, దీపం వెలగకపోవచ్చు, శబ్దమేదీ వినిపించకపోవచ్చు. అయినా లైను చార్జిలోనే ఉంటుంది. గ్యాసు విభాగంలో ఆ మాటకు గొట్టం నిండా గ్యాసు ఉన్నదని అర్థం. బ్లాస్ట్ ఫర్నేసు గ్యాసులో సుమారు అయిదవ వంతు లేక అంతకు మించి కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ఒకే వాక్యం ఒకరిని రమ్మంటుంది, మరొకరిని పొమ్మంటుంది.

‘స్విచ్చి ఆపేశాము’ అనుకున్నా చాలదు. కెపాసిటర్లలోను, పొడవైన కేబుళ్లలోను సరఫరా ఆగిన తరువాత కూడా చార్జి నిలిచి ఉండవచ్చు. అందుకే సరఫరాను వేరుచేసి, తాళం వేసి, వోల్టేజి లేదని పరీక్షించి, డిశ్చార్జి చేసి, భూమితో కలిపిన తరువాతనే చేయి పెట్టాలన్న నియమం ఏర్పడినది. గ్యాసు గొట్టాన్ని కూడా విడదీసి, నత్రజనితో శుభ్రపరచి, లోపలి వాయువును పరీక్షించవలసి ఉంటుంది. మనిషి లోపలికి దిగవలసి వస్తే గాలి నింపి, ఆక్సిజన్ చాలినంత ఉన్నదో లేదో కూడా చూడాలి. నత్రజని కూడా ఊపిరికి పనికిరాదు గదా!

చార్జిషీటు, చార్జి అప్పగింత

ఉద్యోగులను కలవరపెట్టే మాట చార్జిషీటు. న్యాయస్థానాలకు సంబంధించినంతవరకు పోలీసులు దర్యాప్తు ముగించి సమర్పించే నివేదికను వాడుకలో అలా అంటారు. 2024 జూలై 1న భారతీయ నాగరిక సురక్షా సంహిత అమలులోకి వచ్చిన తరువాత కూడా ఈ క్రమం మారలేదు. కర్మాగారంలో ఇచ్చే చార్జిషీటు మాత్రం విచారణకు ముందే వస్తుంది. సంజాయిషీ చెప్పుకొనే అవకాశం దానితోనే మొదలవుతుంది. కనుక చార్జిషీటు అందుకున్నవారిని దోషులుగా చూడరాదు. వారి తలపై మోపినది జవాబు చెప్పే భారమే కాని, తీర్పు కాదు. ఇది వారి ఇంటివారు, ఇరుగుపొరుగువారు కూడా గుర్తించవలసిన విషయం.

చివరిది చార్జి అప్పగింత. షిఫ్టు మారేటప్పుడు ఒకరు దించిన బరువును మరొకరు ఎత్తుకుంటారు. ఎత్తుకునేవారికి ఆ మూటలో ఏమున్నదో తెలియాలి. అందుచేత లాగ్‌బుక్కులో ‘చార్జి చేయబడినది’ అని మాత్రమే వ్రాసి విడిచిపెట్టరాదు. ఏ లైను, ఏ ఓవెను, ఏ గొట్టం? దేనితో చార్జి చేశారు? ఎన్ని గంటలకు? పర్మిట్ ఎవరి పేరున ఉన్నది? ఈ నాలుగూ వ్రాయడానికి ఒక నిమిషం చాలు. అటుపై నోటితో చెప్పి, విన్నవారిచేత తిరిగి చెప్పించుకోవాలి.

భిలాయిలో అనేక ప్రాంతాలవారు, అనేక భాషలవారు భుజం భుజం కలిపి పని చేస్తున్నారు. మన మాతృభాషలు వేరైనా చార్జి అనే మాట అందరిదీ. అందరికీ తెలిసిన మాటే కనుక, ఎదుటివారికి అర్థమైనదా అని అడగవలసిన అవసరం కూడా దానికే ఎక్కువ.