ఎక్కడం ఊపిరికి, దిగడం కండరానికి

తూర్పు కనుమల నడుమ, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకు లోయలోనూ, చుట్టుపక్కల అనంతగిరి, పాడేరు, చింతపల్లి కొండల్లోని గిరిజన గ్రామాల్లోనూ నడక అంటే చాలావరకు ఎక్కడమో దిగడమో అవుతుంది. కాఫీ తోటకు పోవాలన్నా, మిరియాలూ పసుపూ వారపు సంతకు చేర్చాలన్నా వాలుదారి తప్పదు. ఈ కొండవాసుల దేహదారుఢ్యానికి పలుచని గాలే కారణమన్న భావన కొందరిలో ఉన్నా, శరీరధర్మశాస్త్రం దానిని సమర్థించదు. ఆ ఎత్తులో గాలి పీడనం తీరప్రాంతంలో కన్నా పదోవంతు మాత్రమే తగ్గుతుంది కనుక రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోగ్లోబిన్ దాదాపు పూర్తిగానే నిండుతుంది. ఎత్తు ప్రభావం వ్యాయామ సామర్థ్యంపై స్పష్టంగా కనబడేది సుమారు 1500 మీటర్లు దాటిన తరువాతనే. ఇక్కడి దేహాలను తీర్చిదిద్దుతున్నది వాలు.

వాలు చేసే పని అర్థం కావాలంటే ముందు దేహ నిర్మాణం కొంత తెలియాలి. మనిషి శరీరంలో 206 ఎముకలు, వాటిని కదిలించే ఆరువందలకు పైగా కండరాలు ఉన్నాయి. కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పీచు కణజాలాన్ని స్నాయుబంధనమనీ, ఎముకను ఎముకకు కలిపేదానిని సంధిబంధనమనీ అంటారు. కండరం లాగగలదే కాని నెట్టలేదు. కొండ ఎక్కేటప్పుడు పిరుదుల్లోని పెద్ద కండరం తొడను వెనక్కి లాగుతుంది, తొడ ముందుభాగంలో నాలుగు పాయలుగా ఉండే కండరం మోకాలిని చాపుతుంది, పిక్క కండరం మడమను లేపుతుంది. ఈ మూడూ కలిసి ఒంటి బరువునంతా ఒక్కొక్క అడుగునా పైకి చేరుస్తాయి. కండర తంతువుల లోపల ఆక్టిన్, మయోసిన్ అనే రెండు ప్రోటీన్ పోగులు ఒకదాని మీదుగా ఒకటి జారడం వల్లనే కండరం కుదించుకుంటుందని 1954లో రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా ప్రకటించాయి.

ఆ జారుడుకు కావలసిన శక్తిని అందించే అణువు ఏటీపీ. ఈ శక్తి కథలో తెలుగువారికి గర్వకారణమైన అధ్యాయం ఒకటి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేస్తూ, కండరంలో శక్తిని నిలవచేసే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో వెల్లడించారు; 1929లో వారిద్దరూ కండరం నుంచి ఏటీపీని వేరుచేయగా, అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. కండరంలో సిద్ధంగా ఉండే ఏటీపీ తీవ్ర శ్రమలో రెండు మూడు సెకన్లకే చాలుతుంది, ఫాస్ఫోక్రియాటిన్ దానిని సుమారు పది సెకన్ల దాకా నెట్టుకొస్తుంది, ఆపై ఒకటి రెండు నిమిషాల పాటు ఆక్సిజన్ అక్కరలేకుండా గ్లూకోజును విడగొట్టే మార్గం ప్రధానమవుతుంది. దీర్ఘకాలం ఆదుకునేది మాత్రం కణాల్లోని మైటోకాండ్రియాలలో ఆక్సిజన్‌తో సాగే మార్గమే. అది పూర్తిస్థాయికి చేరడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది కనుక, కొండ ఎక్కడాన్ని నెమ్మదిగా మొదలుపెట్టినవారు తొందరగా అలసిపోరు.

ఈ ఆక్సిజన్‌ను చేరవేసేది గుండె. విశ్రాంతిలో నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపే గుండె, తీవ్ర శ్రమలో ఆరోగ్యవంతులైన సామాన్యుల్లో 20 లీటర్ల వరకు పంపుతుంది. అందులో అధికభాగం పనిచేస్తున్న కండరాలకే మళ్లుతుంది. నెలల తరబడి క్రమంగా ఎక్కేవారిలో గుండె ఒక్కొక్క స్పందనకు పంపే రక్తం పెరుగుతుంది, కండరాల్లో రక్తకేశనాళికలు, మైటోకాండ్రియాలు వృద్ధి చెందుతాయి. మాట్లాడగలిగి పాడలేనంత ఆయాసం వస్తే అది మధ్యస్థ శ్రమ. అటువంటి శ్రమ వారానికి కనీసం 150 నిమిషాలు, కండరాల బలం పెంచే వ్యాయామం రెండు రోజులు అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

దిగడం దీనికి భిన్నమైన పరీక్ష. దిగేటప్పుడు తొడ కండరం బరువును ఆపుతూనే సాగుతుంది. 1952లో ఇంగ్లండులో ముగ్గురు శాస్త్రవేత్తలు రెండు సైకిళ్లను వెనుకవైపులు ఎదురెదురుగా ఉండేలా జతచేసి, ఒకరు తొక్కుతుండగా రెండోవారు అదే బలంతో అడ్డుకునేట్టు చేసినప్పుడు, అడ్డుకున్నవారు చాలా తక్కువ ఆక్సిజన్ వాడినట్టు తేలింది. అందుకే దిగుడులో ఊపిరి తేలికగా ఉంటుంది. అయితే సాగుతూ బరువు మోసిన తంతువుల్లో సూక్ష్మమైన చీలికలు ఏర్పడి, ఒకటి నుంచి మూడు రోజుల్లో నొప్పి తీవ్రమవుతుంది. అలవాటు లేనివారు బొర్రా గుహల మెట్లు దిగివచ్చిన మర్నాడు పడే తొడనొప్పి ఇదే. దీనికి లాక్టిక్ ఆమ్లం కారణమన్న నమ్మకం సరికాదు, ఎందుకంటే శ్రమలో పుట్టిన లాక్టేట్ గంటసేపట్లో తొలగిపోతుంది, పైగా గుండె దానిని ఇంధనంగా కూడా వాడుకుంటుంది. ఒకసారి ఆ నొప్పి పడిన కండరం కొన్ని వారాల పాటు అదే పనిని తక్కువ గాయంతో చేయగలుగుతుంది. కాబట్టి శిక్షణలో దిగుడును కొద్దికొద్దిగా పెంచాలి.

కొండ జీవితంలోని తక్కిన కదలికలూ ఇంతే విలువైనవి. కావడి రెండు వైపులా బరువును సమంగా పంచడంతో శరీర గురుత్వకేంద్రం వెన్నెముకకు దగ్గరగానే ఉంటుంది. అదే బరువును ఒక్క చేత మోస్తే రెండోవైపు నడుము కండరాలు అదనంగా బిగుసుకోవలసి వస్తుంది. ఇక్కడి గిరిజన నృత్యమైన థింసాలో స్త్రీలు ఒకరి వీపు వెనుకగా ఒకరు చేతులు పెనవేసుకుని వేసే పక్క అడుగులు, నేరుగా నడిచేటప్పుడు అంతగా కదలని తుంటి బయటి కండరాలకు పని కల్పిస్తాయి, లయ తప్పకుండా సమతూకం నిలుపుకోవడమూ నేర్పుతాయి.

ఇంత చెప్పుకున్నాక శ్రమకూ శిక్షణకూ గల తేడాను స్పష్టం చేయడం అవసరం. శరీరం బలపడేది శ్రమలో కాక, శ్రమ తరువాతి విశ్రాంతిలో, తగిన ఆహారంతో. దారిలేని గూడెం నుంచి గర్భిణిని డోలీలో మోసుకువచ్చే మనుషులు చేస్తున్నది వ్యాయామం కాదు, అది వారిపై పడిన భారం. శ్రమను తట్టుకోవడం రక్తం మీద కూడా ఆధారపడుతుంది. ఒక గ్రాము హీమోగ్లోబిన్ సుమారు 1.34 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను మోస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 15 గ్రాములు ఉన్నవారికి 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ అందితే, రక్తహీనతతో 9 గ్రాములకు పడిపోయినవారికి 12 మాత్రమే అందుతుంది. అటువంటివారికి అదే కొండ మరింత నిటారవుతుంది. ఈ ప్రాంతపు కొన్ని తెగల్లో కనబడే సికిల్ సెల్ జన్యువు మరో ముఖ్యాంశం: వ్యాధి ఉన్నవారిలో ఆక్సిజన్, నీరు తగ్గినప్పుడు ఎర్రకణాలు కొడవలి ఆకారానికి మారి సన్నని నాళాలను అడ్డగిస్తాయి, ఒక్క జన్యువే ఉన్నవారు సాధారణంగా ఆరోగ్యంగానే ఉన్నా, ఎండలో నీరు లేకుండా చేసే అతిశ్రమ అరుదుగా వారికీ ప్రమాదకరమవుతుంది. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్లలోపువారికి పరీక్షలు చేయడాన్ని లక్ష్యంగా పెట్టుకుంది.

కనుక ఆశ్రమ పాఠశాలల్లో గిరిజన బాలబాలికలను పరుగుపందేలకూ పర్వతారోహణకూ సిద్ధం చేసేవారి మొదటి సాధనం రక్తపరీక్ష కావాలి. రెండవది, 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఇచ్చే చోడి (రాగి)తో పాటు పప్పు, గుడ్డు, ఆకుకూర ఉన్న భోజనం. మూడవది, వారం వారం కొద్దిగా పెంచే ఎక్కుడు, దిగుడు, నడుమ తప్పనిసరి విశ్రాంతి దినం. ఈ మూడూ సమకూరిన రోజున, తరతరాలుగా బతుకు కోసం ఆ కొండలు ఎక్కినవారి బిడ్డల బలం బరువు మోయడానికే పరిమితం కాకుండా, వారు కోరుకున్న గమ్యాలకు వారిని చేరుస్తుంది.