తూనీగ వెంటపడదు, ఎదురెళుతుంది

వానాకాలం చివర హైదరాబాద్‌లోని మౌలాలి గుట్ట చుట్టుపక్కల ఖాళీ జాగాల మీద పసుపురంగు తూనీగలు గుంపులుగా తిరుగుతుంటాయి. వీటిలో ఎక్కువగా కనిపించేది పాంటాలా ఫ్లావెసెన్స్. వాన నీటి మడుగుల్లో గుడ్లు పెట్టి, అవి ఎండేలోగా పిల్లలు ఎగిరిపోయే జాతి. అవి ఊరికే చక్కర్లు కొట్టడం లేదు. దోమల్ని, చిన్న పురుగుల్ని గాల్లోనే పట్టి తింటున్నాయి.

ఈ వేటకు తగ్గట్టే తూనీగ ఎగిరే తీరు వేరు. ఈగనే చూడండి. దాని కండరాలు రెక్కల్ని నేరుగా లాగవు. ఛాతీ డొప్పను నొక్కి వదులుతుంటే రెక్కలు వాటంతటవే ఊగుతాయి. అలా సెకనుకు దాదాపు 200 సార్లు ఆడతాయి. తూనీగవి 30-40 సార్లే. కానీ దాని నాలుగు రెక్కల మొదళ్లకూ కండరాలు నేరుగా అంటుకుని ఉంటాయి. ఏ రెక్కను ఎలా ఆడించాలో దాని ఇష్టం. ఉన్నచోటే నిలవడం, ఠక్కున మళ్లడం అందువల్లే.

నన్ను ఆకట్టుకునేది మాత్రం దాని వేట లెక్క. తెగిన పతంగి కోసం ఉరికే పిల్లాడు అది ఉన్నచోటికి కాక, పడబోయే చోటికి పోతాడు కదా. తూనీగదీ అదే పని. దోమ తనకు ఏ దిక్కున కనిపిస్తోందో ఆ దిక్కు మారకుండా ఎగురుతుంది. దిక్కు మారక, దూరం తగ్గుతుంటే తగలక తప్పదు. సముద్రంలో ఓడ నడిపేవాళ్లు సరిగ్గా ఈ గుర్తుకే భయపడతారు. తూనీగ ఇలాగే వేటాడుతుందని అమెరికాలో రాబర్ట్ ఓల్‌బెర్గ్ బృందం 2000లో తేల్చింది. వాళ్లు చూసిన దాడుల్లో నూటికి 90కి పైగా ఫలించాయి. పులికి కూడా దక్కని లెక్క! పురుగు ఎటుందో మెదడు నుంచి రెక్కలకు కబురు మోసేవి 16 నాడీకణాలేనంటే నమ్మబుద్ధి కాదు.

పోటీలో ఇదే విద్య మోసంగా మారుతుంది. మగ తూనీగ తన హద్దులోకి మరో మగది వస్తే తరుముతుంది. ఆస్ట్రేలియాలో అకికో మిజుతాని, జవాన్ చాల్, మన దేశం నుంచి వెళ్లిన మంద్యం శ్రీనివాసన్ ఈ పోరాటాల్ని రెండు కెమెరాలతో చిత్రించి, 2003లో ఫలితం ప్రకటించారు. తరిమేది ఎదుటిదాని కంటికి కదలని చుక్కలా కనిపించే దారిలో వస్తోంది! పురుగుల కన్ను కదలికనే ముందు పసిగడుతుంది. కదలనిది చెట్టో రాయో అనిపిస్తుంది. దగ్గరికొచ్చేకొద్దీ చుక్క పెద్దదవుతుంది గానీ, అది తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

సఫిల్‌గూడ చెరువు గట్టున పుల్లకొసన కూర్చున్న తూనీగను కాసేపు గమనించండి. అది లేచినప్పుడు పురుగు తోక వెంట పోతుందో, ముందుకు అడ్డం వెళుతుందో మీకే తెలుస్తుంది.