చందా ఏ తుపాకీ సంఘానికి?

అమెరికాలో తుపాకీ కొనడం పెద్ద పనేం కాదు. ఆ తుపాకీ హక్కు కోసం పోరాడతామంటూ డబ్బులడిగే సంఘాల్లో ఒకదాన్ని ఎంచుకోవడమే కష్టం. ఎందుకంటే, చందా కట్టాక ఆ డబ్బు కోర్టుకే వెళ్తుందా... కోట్లూ సూట్లూ కుట్టించడానికి వెళ్తుందా అన్నది చాలామందికి చాలాకాలం తెలియలేదు!

టెక్సాస్‌లోనో ఒహాయోలోనో ఓ మామూలు ఇల్లు. బీరువాలో ఓ వేట తుపాకీ, ఓ పిస్టలు. పోస్టుమేన్ వచ్చి వెళ్లాక డబ్బాలో మందపాటి కవరు. మీ హక్కు పోబోతోంది, వెంటనే పాతిక డాలర్లు పంపండి అన్న ధోరణిలో నాలుగు పేజీల ఉత్తరం. రెండు రోజులు పోయాక అలాంటిదే మరో ఉత్తరం, మరో సంఘం నుంచి.

ఆ దేశంలో జనం దగ్గర ఎన్ని తుపాకులున్నాయో తెలుసా? 2017 నాటికి దాదాపు 39 కోట్లని స్మాల్ ఆర్మ్స్ సర్వే అంచనా. అంటే మనుషులకంటే తుపాకులే ఎక్కువ. ఆయుధం కలిగి ఉండటం రాజ్యాంగ రెండో సవరణ ఇచ్చిన హక్కు అక్కడ. మన దగ్గర అలా కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం కింద అధికారులు లైసెన్సు ఇస్తేనే తుపాకీ. అందుకే ఈ సంఘాల గొడవ మనకు కాస్త వింతగా అనిపిస్తుంది. అక్కడ మాత్రం అది కోట్ల డాలర్ల వ్యవహారం.

గురి నేర్పడానికి పుట్టి...

వీటన్నిటికీ పెద్దన్న నేషనల్ రైఫిల్ అసోసియేషన్... ఎన్‌ఆర్‌ఏ. అంతర్యుద్ధంలో ఉత్తరాది సైనికుల గురి మరీ అధ్వానంగా ఉందని బాధపడ్డ ఇద్దరు మాజీ సైనికాధికారులు 1871లో న్యూయార్క్‌లో దీన్ని పెట్టారు. పని... కాల్చడం నేర్పడం. అంతే. 1934లో మెషిన్‌గన్ల మీద ఆంక్షల గురించి కాంగ్రెస్ విచారణ జరుపుతున్నప్పుడు ఆ సంఘం అధ్యక్షుడే వెళ్లి, అందరూ తుపాకులు పట్టుకు తిరగడం తనకు ఇష్టం లేదనీ లైసెన్సు ఉండాల్సిందేననీ చెప్పాడు. ఇప్పటి సభ్యులకు చెబితే నమ్మరేమో!

కథ మారింది 1977 మే నెలలో. సంఘాన్ని వాషింగ్టన్ నుంచి కొలరాడోకి తరలించి వేట, ప్రకృతి సంరక్షణలమీద దృష్టి పెట్టాలని నాయకులు అనుకున్నారు. సిన్సినాటిలో జరిగిన మహాసభలో సభ్యులు తిరగబడ్డారు. తెల్లవారుజాము దాకా సాగిన ఆ సభలో పాత నాయకత్వం ఇంటికి పోయింది, హార్లన్ కార్టర్ వర్గం పగ్గాలు పట్టింది. అప్పటి నుంచి ఎన్‌ఆర్‌ఏ అంటే రాజకీయం.

ఆ రాజకీయం అందరికీ రుచించలేదు. 1995లో చందాలు అడుగుతూ ఎన్‌ఆర్‌ఏ పంపిన ఓ ఉత్తరంలో ప్రభుత్వ ఏజెంట్లను గూండాల్లా వర్ణించింది. అది చూసి మాజీ అధ్యక్షుడు జార్జి హెచ్.డబ్ల్యు. బుష్ తన జీవిత సభ్యత్వాన్నే వదులుకున్నారు. ఉత్తరం కింద సంతకం వేన్ లపియర్‌ది. 1991 నుంచి సంఘాన్ని నడిపించింది ఆయనే.

రాజీ పడేవాళ్లూ పడనివాళ్లూ

ఎన్‌ఆర్‌ఏ మరీ మెతక అనుకునేవాళ్లూ ఉన్నారు. వాళ్లకోసం 1970ల్లోనే గన్ ఓనర్స్ ఆఫ్ అమెరికా పుట్టింది. రాజీ అన్న మాటే తన దగ్గర లేదంటుంది. కోర్టుల్లో తేల్చుకుందాం అనేవాళ్లకు 1974లో అలన్ గాట్‌లీబ్ పెట్టిన సెకండ్ అమెండ్‌మెంట్ ఫౌండేషన్ ఉంది. గత దశాబ్దంలో కాలిఫోర్నియాలో మొదలైన ఫైర్ఆర్మ్స్ పాలసీ కొయలిషన్ కూడా కేసుల మీద కేసులు వేస్తుంది. నల్లజాతి యజమానులకో సంఘం (2015), స్వలింగ సంపర్కులకు పింక్ పిస్టల్స్ (2000)... ఎవరి గూడు వాళ్లది.

వీటి మధ్య తేడా తెలియాలంటే 2013 ఏప్రిల్ గుర్తుచేసుకోవాలి. అంతకు నాలుగు నెలల ముందే శాండీహుక్ బడిలో 20 మంది పసిపిల్లలూ ఆరుగురు పెద్దలూ కాల్పులకు బలయ్యారు. తుపాకుల సంతల్లోనూ ఆన్‌లైన్‌లోనూ కొనేవాళ్ల నేరచరిత్ర తనిఖీ చేయాలంటూ సెనెట్‌లో ప్రతిపాదన వచ్చింది. ఎన్‌ఆర్‌ఏ వద్దంది. గన్ ఓనర్స్ ఆఫ్ అమెరికా ససేమిరా అంది. గాట్‌లీబ్‌దే మరో సంఘం మొదట సరేనని, కొద్ది రోజులకే మాట వెనక్కి తీసుకుంది. 54 మంది ఔనన్నా కావాల్సిన 60 ఓట్లు రాక ప్రతిపాదన వీగిపోయింది. విచిత్రమేంటంటే, తనిఖీ ఉండాలనే తుపాకీ యజమానులు సర్వేల్లో ఎప్పుడూ బోలెడంత మంది కనిపిస్తారు. అంటే, వాళ్ల చందాతో వాళ్లకు నచ్చని మాట సెనెట్‌కి చేరిందన్నమాట. అలాంటివాళ్లు కొందరు కాల్పుల్లో తీవ్రంగా గాయపడి బతికిన మాజీ కాంగ్రెస్ సభ్యురాలు గాబీ గిఫర్డ్స్ సంస్థవైపు వెళ్లారు. అక్కడ తుపాకీ యజమానులకు ప్రత్యేకంగా ఓ విభాగమే ఉంది. ఆవిడా తుపాకీ ఉన్న మనిషే.

గెలిపించింది ఎవరు?

ఉత్తరాల్లో ప్రతి సంఘమూ విజయం తనదే అంటుంది. కోర్టు కాగితాలు వేరే కథ చెబుతాయి. ఇంట్లో తుపాకీ ఉంచుకోవడం వ్యక్తి హక్కని సుప్రీంకోర్టు మొదటిసారి తేల్చిచెప్పిన 2008 నాటి హెల్లర్ కేసునే తీసుకోండి. దానికి సొంత డబ్బు పెట్టింది రాబర్ట్ లెవీ అనే న్యాయవాది. ఆయనకు జీవితంలో ఒక్క తుపాకీ కూడా లేదు! ఓడిపోతే మొదటికే మోసం వస్తుందని ఎన్‌ఆర్‌ఏ మొదట్లో వెనకాడింది. 2010లో షికాగో నిషేధాన్ని కొట్టేయించిన కేసులో ముందున్నది గాట్‌లీబ్ ఫౌండేషనే. ఇంట్లో పదేపదే దొంగలు పడుతున్నారని విసిగిపోయిన ఓటిస్ మెక్‌డొనాల్డ్ అనే నల్లజాతి వృద్ధుడు అందులో ప్రధాన ఫిర్యాదీ. ఇంటి బయట తుపాకీ వెంట ఉంచుకునే హక్కు గురించిన 2022 నాటి తీర్పు మాత్రం ఎన్‌ఆర్‌ఏ అనుబంధ సంఘం ఖాతాలోదే. అన్నీ గెలుపులే కాదు. విడిభాగాలతో ఇంట్లో బిగించుకునే, సీరియల్ నంబరు లేని తుపాకుల కేసులో 2025 మార్చిలో ఈ సంఘాలు ఓడిపోయాయి.

అందుకే కొందరు తెలివిగా చూస్తారు. శిక్షణ కావాలా? శిక్షకుల విషయంలో ఎన్‌ఆర్‌ఏది ఇప్పటికీ పెద్ద చెయ్యే. కేసులకా? అయితే ఫౌండేషన్. చట్టసభల్లో ఒత్తిడికా? లాబీయింగ్ సంఘం. పన్ను లెక్క కూడా ఉంది. ఫౌండేషన్లకిచ్చే విరాళానికి మినహాయింపు దొరుకుతుంది, లాబీయింగ్ సంఘానికి కట్టే చందాకి దొరకదు. ఏ సంఘమైనా ఏటా ఇచ్చే ఫారం 990 తెరిస్తే ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, పైవాళ్ల జీతాలెంత... అన్నీ ఉంటాయి. నాలుగు పేజీల ఉత్తరం కంటే అది చదవడం మేలు.

ఈ సంగతి అక్కడున్న మనవాళ్లకూ అవసరమే. గ్యాస్ స్టేషన్లూ చిన్న దుకాణాలూ నడిపే తెలుగువాళ్లు రాత్రిళ్లు గల్లాపెట్టె దగ్గర ఒంటరిగా కూర్చోవాలి. దొంగల భయంతో తుపాకీ కొందామనుకునేవారు ముందు తమ వీసా చూసుకోవాలి. విద్యార్థి వీసా, హెచ్-1బీల మీద ఉన్నవాళ్లు వేట లైసెన్సు లాంటి కొద్దిపాటి మినహాయింపులు ఉంటే తప్ప తుపాకీ కొనకూడదు, దగ్గర ఉంచుకోకూడదు. గ్రీన్‌కార్డు వస్తే ఆ అడ్డు లేదు. సంఘాల ఎన్నికల నిధులకు విరాళమివ్వడానికీ అంతే... పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాల్సిందే. కాల్చడం నేర్చుకునే క్లబ్బుల్లో కొన్ని, ఎన్‌ఆర్‌ఏ సభ్యత్వం ఉంటేనే చేర్చుకుంటాయి. అలా తెలియకుండానే సభ్యులైపోయేవాళ్లూ ఉంటారు.

సభ్యుల సొమ్ముతో సూట్లు

ఇంతకీ ఆ సొమ్ము ఏమైంది? 2020 ఆగస్టులో న్యూయార్క్ అటార్నీ జనరల్ లెటీషియా జేమ్స్ ఎన్‌ఆర్‌ఏ మీద దావా వేశారు. ప్రైవేటు విమానాలు, బహామాస్ విహారాలు, బెవర్లీహిల్స్ దుకాణంలో 2,70,000 డాలర్లకు పైగా విలువైన సూట్లు... ఒక్కోటీ బయటికొచ్చాయి. ఏటా పది లక్షల డాలర్లు దాటిన జీతం దీనికి అదనం. 2021 జనవరిలో సంఘం దివాలా పిటిషన్ వేస్తే, అది సదుద్దేశంతో వేసింది కాదని కోర్టు కొట్టేసింది. 2024 జనవరిలో లపియర్ రాజీనామా చేశారు. తర్వాతి నెలలో జ్యూరీ ఆయన్ను తప్పుపట్టింది. సంఘానికి 43.5 లక్షల డాలర్లు కట్టాలని తేలింది.

కోపమొచ్చిన సభ్యులు చాలామంది చందా ఆపేసి వేరే సంఘాలకు వెళ్లిపోయారు. కొందరు మాత్రం ఉండి మారుద్దామనుకున్నారు. 2024 మేలో కొత్త నాయకత్వం వచ్చింది వాళ్ల పట్టు వల్లే. కానీ డైరెక్టర్లను ఎన్నుకునే ఓటు జీవిత సభ్యులకు ఉంటుంది. ఏటా చందా కట్టేవాళ్లు వరసగా ఐదేళ్లు కడితేనే ఓటు అన్నది లపియర్ కాలం నాటి నిబంధన. అంటే, నిరసనగా ఒక్క ఏడాది చందా ఆపినవాడికి, ఆ పెద్దమనిషిని దించే ఓటూ పోయింది. మళ్లీ మొదటి ఏడాది నుంచి లెక్క!