వేట తుపాకి – తూటా గది

పాతబస్తీ షికారు ముచ్చట్లలో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ పులివేట వినవచ్చును గాని, తుపాకిలోని తూటా గది ప్రసక్తి అరుదు. గొట్టము వెనుక తూటా ఇమిడెడు తావే ఆ గది. దానిని తొలిచి, వాలు తగ్గించి, భుజమును నిక్కబెట్టినచో తూటాలో మందు అధికముగా పట్టును. గుండు వేగము కొంత హెచ్చును. పాత తూటాను అందులో పేల్చినచో ఇత్తడి గుల్ల ఉబ్బి క్రొత్త ఆకృతి దాల్చుట చూడముచ్చటయే! కాని హెచ్చిన పీడనమును భరింపవలసినది పాత ఉక్కే. గది లోతు తప్పెనా, గుల్ల చీలి వేడి వాయువు కంటికే ఎగయవచ్చును. గొట్టముపై క్రొత్త ముద్ర వేయక విడిచినచో, ఆ తుపాకి వారసత్వముగా పొందినవానికి ఏ తూటా తగునో తెలియదు. 1959 ఆయుధ చట్టము ప్రకారము లైసెన్సు లేనివాడు ఇట్టి మార్పు చేయరాదు. ఇక వేటయో, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముతో దాదాపు నిషిద్ధమైనది.