అమ్మానాన్నల అడుగు తడబడకుండా...

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఇక్కడ చలికాలమంతా సోఫాయే లోకం. నడక తగ్గేకొద్దీ కాళ్ళలో బలం, ఒంటి నిలకడ రెండూ తగ్గుతాయి. అమెరికాలో 65 ఏళ్ళు దాటిన ప్రతి నలుగురిలో ఒకరికి మించి ఏటా పడుతున్నారు. మన పెద్దలు పడినా, పిల్లలు కంగారుపడతారని చెప్పరు. మీరే అడగండి!

వంటింటి గట్టు పట్టుకుని ఒంటికాలిపై పది సెకన్లు నిలబడటం, ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్ళు ఆనిస్తూ తిన్నగా నడవటం, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవటం - వారానికి మూడు రోజులైనా దగ్గరుండి చేయించండి. కళ్ళు తిరుగుతున్నాయంటే ముందు డాక్టరుకు చూపించండి.

తిరుగు ప్రయాణంలో అమ్మ వీల్‌చైర్ అడిగితే అది ఇంగ్లీషు రాక కావాలి గానీ, అడుగు పడక కాకూడదు కదా!