కాల్షీట్లు లేని రోజుల్లో కందిపచ్చడి!

సినిమావాళ్ళు ఏం తింటారని మీలో చాలామందికి కుతూహలం. హీరోగారు పొద్దున్నే ఏం తాగుతారు, హీరోయిన్ రాత్రిళ్ళు అన్నం ముట్టదట నిజమేనా... ఇలాంటివి. చెప్పొద్దూ, అవేవీ నాకు తెలీవు. నేను క్లాప్ కొట్టే అసిస్టెంటుని. హీరోగారి క్యారియర్ మూత తీసినప్పుడు వచ్చే వాసన వరకే నా పరిజ్ఞానం! కానీ సినిమావాళ్ళు ఏమీ లేనప్పుడు ఏం తింటారో మాత్రం సాధికారంగా చెప్పగలను. 2020 మార్చి నుంచి కొన్ని నెలలపాటు ఆ సబ్జెక్టులో నాకు మంచి శిక్షణ దొరికింది.

హైదరాబాదులో కృష్ణానగర్ అంటే మీకు తెలిసే వుంటుంది. సినిమా మీద ఆశతో రైలెక్కినవాడు ముందు దిగేది స్టేషన్లో, చివరికి తేలేది కృష్ణానగర్లో. అక్కడ ఒక మేడమీద గదిలో మేం ముగ్గురం. నేను తెనాలి దగ్గర పల్లెటూరివాణ్ణి. రెండోవాడు కాస్ట్యూమ్స్ డిపార్ట్‌మెంటులో చేసే కరీంనగర్ కుర్రాడు. మూడో ఆయన లైట్‌మ్యాన్, శ్రీకాకుళం మనిషి, యాభై దాటినవాడు. అందరూ ఆయన్ని బాబాయ్ అంటారు గనక మేమూ బాబాయ్ అనేవాళ్ళం.

మా ముగ్గురిలో ఎవరికీ వంట చేసే అలవాటు లేదు. ఎందుకుంటుంది? తెల్లారకుండానే ప్రొడక్షన్ బండి వస్తుంది. సెట్లోకి వెళ్ళేసరికి ఇడ్లీ, ఉప్మా, పొంగలి. పదకొండింటికి టీ. మధ్యాహ్నం బ్రేక్ చెబితే పప్పు, కూర, వేపుడు, సాంబారు, పెరుగు... రాత్రి కాల్షీటు అయితే ఆ భోజనమూ వాళ్ళదే. షూటింగ్ వున్నవాడికి జీతం ఆలస్యమైనా అన్నం ఆలస్యం కాదు. "సినిమా అన్నం పెడుతోంది" అని మావాళ్ళు దండం పెట్టుకుంటారే, అది అలంకారం కాదండీ, అక్షరాలా నిజం.

ఆ అన్నం 2020 మార్చి మధ్యలో ఆగిపోయింది. షూటింగులు బంద్, థియేటర్లు బంద్. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. అప్పటికి మా కంపెనీ నాకు రెండు నెలల జీతం బాకీ. ఏ కంపెనీ అని అడక్కండి, మళ్ళీ అక్కడికే పనికి వెళ్ళాలి! ఊరికి పోదామంటే బస్సూ లేదు, రైలూ లేదు.

ఆ రాత్రి బాబాయ్ గదిలో వున్న సరుకంతా చాప మీద పెట్టించాడు. బియ్యం ఆరు కిలోలు, కందిపప్పు కిలోకి కాస్త తక్కువ, చింతపండు ఒక పొట్లం, ఎండుమిరపకాయలు, ఉప్పు, అరలీటరు నూనె, పల్లీలు, ఉల్లిపాయలు ఓ రెండు కిలోలు. మా అమ్మ సంక్రాంతికి ఇచ్చిన ఆవకాయ సీసాలో అడుగున నాలుగు వేళ్ళ మందం. టీ కోసం కొన్న ఐదు కిలోల చిన్న సిలిండర్. అందులో ఎంత మిగిలిందో ఎత్తి వూపి చూసి అంచనా కట్టుకోవడమే.

"ఇదీ మన బడ్జెట్టు" అన్నాడు బాబాయ్. "ఎన్నాళ్ళు ఆడతాదో సూద్దాం."

దుప్పటి కప్పిన అన్నం

బియ్యం కంటే ముందు అయిపోయేది గ్యాసేనని ఆయనకి మొదటిరోజే అర్థమైపోయింది. అంచేత అన్నం వండే పద్ధతే మార్చేశాడు. బియ్యం అరగంట నానబెట్టి, ఎసరు మరిగాక వేసి, సగం ఉడకగానే పొయ్యి ఆపేసేవాడు. మూత బిగించి, గిన్నెకి పాత దుప్పటి రెండు మడతలు చుట్టి మూల పెట్టేవాడు. ముప్పావుగంట తరువాత విప్పితే అన్నం పొడిపొడిగా ఉడికిపోయి, ఇంకా పొగలు కక్కుతూ వుండేది! నేను నోరు తెరిచాను.

"లైటు ఆపేసినా గంట దాకా సెయ్యి పెట్టలేం కదరా? ఆ వేడి వూరికే పోతాది. ఇది పోనివ్వకుండా కప్పెట్టాను, అంతే" అన్నాడు. ముప్పై ఏళ్ళు పెద్ద లైట్ల పక్కన నిలబడి వళ్ళు కాల్చుకున్న మనిషికి వేడి సంగతి మనం చెప్పాలా?

గంజి వార్చి నేను సింకులో పోయబోతే ఒకసారి చెయ్యి పట్టుకున్నాడు. "ఏటిరా బాబూ, పారబోసేస్తన్నావేటి?" అని ఆ గంజిని ఒక కుండలో పోయించాడు. మిగిలిన అన్నం, కాసిని నీళ్ళు అందులోనే. మూడోనాటికి పులిసింది. వాళ్ళ వైపు దీన్ని తరవాణి అంటారట. రోజూ కొంచెం గంజి కలుపుతూ, అందులో నానిన అన్నం పొద్దున్నే ఉప్పు, ఉల్లిపాయతో తింటే ఏప్రిల్ ఎండలో కడుపు చల్లగా వుండేది. మొదటిరోజు ముక్కు మూసుకుని తిన్నాను. పదోరోజుకి కుండ అడుగు గీకాను. టిఫిన్ ఖర్చు సున్నా, గ్యాసు ఖర్చు సున్నా!

కరీంనగర్ కుర్రాడిది ఇంకో దారి. నేను చారు పెడదామని పొయ్యి ముట్టించబోతే వాడు ఆపాడు. "అన్నా, గింత దానికి గ్యాస్ ఎందుకే? పచ్చిపులుసు పిసుకుత చూడు" అన్నాడు. నిమ్మకాయంత చింతపండు నానేసి, పిసికి, నీళ్ళు కలిపాడు. రెండు మిరపకాయలు మంట మీద కాల్చి, ఉప్పు, సన్నగా తరిగిన పచ్చి ఉల్లిపాయతో కలిపి చేత్తో నలిపి అందులో వేశాడు. బెల్లం ముక్క వుంటే బెల్లం, లేకపోతే లేదు. మంట మీద పెట్టింది మిరపకాయలు కాలేంత సేపే. మా వైపు చారు మరగకపోతే అది చారే కాదంటారు. ఆ అభిప్రాయం నేను రెండు ముద్దల్లో మార్చుకున్నాను.

ఒక సాయంత్రం కింది వాటాలో వుండే అక్క టీవీలో "మాయాబజార్" వస్తోంది. ఆవిడ జూనియర్ ఆర్టిస్టు. భర్త, కూతురు, ఆవిడ, ముగ్గురు. మేం మాస్కులు పెట్టుకుని గుమ్మం బయట మెట్ల మీద కూర్చుని చూశాం. ఘటోత్కచుడు పెళ్ళి భోజనం ముందు కూర్చునే ఘట్టం వచ్చింది. 1957 నాటి సినిమా. ఎస్వీ రంగారావుగారు తెర మీద తినేస్తూంటే మా ముగ్గురి గొంతుల్లో లాలాజలం! మార్కస్ బార్ట్‌లే కెమెరా పనితనం గురించి బాబాయ్ ఏదో చెబుతున్నాడు గానీ, నాకు మాత్రం ఆ లడ్డూలే కనిపిస్తున్నాయి.

అక్క నవ్వింది. "నేనెన్ని పెళ్ళి భోజనాల్లో కూసున్ననో తమ్ముడూ! టేకు అయ్యేదాంక తినొద్దంటరు. టేకు అయినంక కంటిన్యూటీ అంటరు, ఇస్తరాకుల మళ్ల పెడతరు. సాయంత్రానికి ఆ బూరె రాయి అయితది."

ఆ నవ్వు ఆగాక ఆవిడ మా గిన్నెల సంగతి అడిగింది. మేం దాచలేకపోయాం.

బియ్యం లెక్క

తెలంగాణ ప్రభుత్వం అప్పుడు ఆహారభద్రత కార్డు వున్నవాళ్ళకి మనిషికి 12 కిలోల బియ్యం ఉచితంగా, కుటుంబానికి 1500 రూపాయలు ఇచ్చింది. అక్క ఇంట్లో ముగ్గురికీ కలిపి 36 కిలోలు. నా పేరున్న కార్డేమో ఆంధ్రాలో మా వూళ్ళో. బాబాయ్ సంగతీ అంతే. కరీంనగర్ కుర్రాడి కార్డు వాళ్ళమ్మ దగ్గర. ఇరవై నాలుగు శాఖల సినిమా కార్మికుల కోసం చిరంజీవిగారి ఆధ్వర్యంలో కరోనా క్రైసిస్ చారిటీ ఏర్పడింది. ఆయన కోటి రూపాయలిచ్చారు, మిగతా తారలూ ఇచ్చారు. యూనియన్ సభ్యత్వం వుంది గనక బాబాయ్‌కి సరుకులొచ్చాయి. నేను యూనియన్ కార్డుకి డబ్బు కట్టడానికి "వచ్చే సినిమాకి చూద్దాం" అనుకుంటూ మూడేళ్ళు గడిపినవాణ్ణి!

ఆ సరుకులు రావడానికి ముందు ఓ వారం చాలా కష్టంగా గడిచింది. డబ్బా అడుగు కనిపించింది. ఆ వారంలోనే అక్క రెండు కిలోల బియ్యం, ఒక సర్వ తెచ్చి మెట్ల మీద పెట్టింది. "ఉత్తగ ఇస్తలేను. బాకీ" అంది.

అదే వారంలో ఒకరోజు నేను ఎవరికీ చెప్పకుండా ఇంకో పని చేశాను. మా గదికి నడిచి వెళ్ళేంత దూరంలో అన్నపూర్ణ స్టూడియో వుంది. అక్కినేనివారు తన భార్య పేరు పెట్టుకుని కట్టిన స్టూడియో. దాని గేటు బయట నిలబడి ఎన్ని కలలు కన్నానో! నగరపాలక సంస్థవాళ్ళ ఐదు రూపాయల భోజనం పేరు కూడా అప్పట్లో అన్నపూర్ణే. లాక్‌డౌన్ రోజుల్లో అది ఉచితంగా పెట్టారు. నేను ఆ రెండో అన్నపూర్ణ దగ్గర క్యూలో నిలబడ్డాను. మాస్కు వుంది కదా, ఎవరు గుర్తుపడతారు అనే ధైర్యం. నా ముందు నిలబడ్డ మనిషి తల తిప్పాడు. కళ్ళు చూడగానే తెలిసిపోయింది. మా సెట్లో నేను క్లాప్ ఆలస్యంగా పెడితే కేకలేసే కో-డైరెక్టరుగారు! ఆయనా నన్ను పోల్చారు. ఇద్దరం ఒకరినొకరం ఎరగనట్టే నిలబడి, అన్నం తీసుకుని, చెరో వైపు వెళ్ళిపోయాం. నాలుగు నెలల తరువాత మళ్ళీ సెట్లో కలిశాం. ఆ రోజు సంగతి ఇప్పటికీ ఎత్తలేదు. కేకలు మాత్రం కాస్త తగ్గాయి.

అమ్మకి దొరికిపోయాను

ఇంతవరకూ అమ్మకి ఏమీ చెప్పలేదు. రోజూ ఫోన్లో "ఏం తిన్నావురా?" అంటే "కంపెనీవాళ్ళే భోజనం పంపుతున్నారమ్మా, ఇవాళ బెండకాయ వేపుడు, సాంబారు" అని చెప్పేవాణ్ణి. రోజుకో మెనూ! స్క్రిప్టు నేనే, డైలాగులూ నావే. సినిమాల్లో రాయడానికి ఎవడూ ఛాన్సివ్వలేదు గానీ, అమ్మకోసం నలభై రోజులు కథ నడిపాను.

ఒకనాడు పప్పు వండుతూంటే పొయ్యి మంట చిన్నదైంది. పప్పు ఇంకా పలుకుగానే వుంది. సిలిండర్ ఆఖరి వూపిరి మీద వుందని తెలిసింది. బుర్ర పనిచెయ్యక, అలవాటు కొద్దీ అమ్మకి ఫోన్ చేశాను. "అమ్మా, పప్పు ఉడకబెట్టకుండా ఏం చెయ్యొచ్చే?"

"కందిపచ్చడి చెయ్యి. పప్పు ఉడకాలంటే అరగంట, వేగాలంటే ఐదు నిమిషాలు. గుప్పెడు పప్పు ముగ్గురికి సరిపోతుంది" అని గడగడా చెప్పేసింది. సన్న మంట మీద నూనె లేకుండా పప్పు ఎర్రగా వేయించాలి. అందులోనే నాలుగు ఎండుమిరపకాయలు, దించేముందు జీలకర్ర. చల్లారాక ఉప్పు, చింతపండు, వెల్లుల్లి వేసి, నీళ్ళు చిలకరిస్తూ కొంచెం పలుకుగా రుబ్బాలి. మెత్తగా నూరితే రుచి పోతుంది. నేను కాగితం మీద రాసుకుంటున్నాను. చెప్పడం అయిపోయాక అటువైపు ఒక నిమిషం చప్పుడు లేదు.

"కంపెనీవాళ్ళు భోజనం పంపిస్తూంటే కందిపచ్చడి నువ్వెందుకు చేస్తున్నావురా?"

నాకు డైలాగు తోచలేదు.

తిట్టలేదు, ఏడవలేదు. "ఆవకాయ వుందా?" అంది. అయిపోయిందన్నాను. "సీసా కడగలేదు కదా? వేడన్నం ఒక ముద్ద ఆ సీసాలో వేసి తిప్పు. గోడలకున్నదంతా అన్నానికి పడుతుంది" అంది. ఆ రోజునుంచి పొద్దున్నే ఫోన్ చేసి, డబ్బాల్లో ఏమేం వున్నాయో అడిగి, ఆ పూట ఏం వండాలో తనే చెప్పేది. బీరకాయ కొంటే తొక్కు పారెయ్యనిచ్చేది కాదు, అది పచ్చడికి. పెరట్లో మునగచెట్టు వుంటే ఆకు కోయించేది, అది పప్పులోకి. మా గదికి ఆవిడ డైరెక్టరు, మేం ముగ్గురం యూనిట్టు. ఆ ఏడు ఆవకాయ మాత్రం నాకు అందలేదు.

అక్క ఇచ్చిన సర్వలో కరీంనగర్ కుర్రాడు సర్వపిండి చేసేవాడు. బియ్యప్పిండి, నువ్వులు, దంచిన పల్లీలు, నానిన శనగపప్పు, కారం కలిపి, గిన్నె లోపలి గోడలకి పల్చగా ఒత్తి, వేళ్ళతో బొక్కలు పెట్టి, వాటిల్లో చుక్క చుక్క నూనె వేసి సన్న మంట మీద కాలుస్తారు. గిన్నె చల్లారితే గానీ రెండోది ఒత్తడానికి లేదు. అంచేత ముగ్గురికీ మూడు ముక్కలు, మళ్ళీ ఎదురుచూపు. అలా ఎదురుచూస్తూ నేను చెప్పిన కథలన్నీ వాళ్ళిద్దరూ విన్నారు, పాపం!

జూన్‌లో షూటింగులకి అనుమతి వచ్చినా చాలా సినిమాలు వెంటనే మొదలవలేదు. మాది ఆగస్టు చివరికి గానీ కదల్లేదు. బాకీ జీతంలో సగం వచ్చింది. మొదటి పని, అక్క బాకీ. ఐదు కిలోల సంచీ తీసుకెళ్తే ఒప్పుకోలేదు. రెండు కిలోలు కొలిచి తీసుకుని మిగతాది వెనక్కిచ్చింది. "బాకీ అంటే బాకీనే తమ్ముడూ" అంది. సర్వ మాత్రం వద్దంది. కరీంనగర్‌వాడి చేతికి అలవాటైపోయిందట.

ఒక సీటు వదిలి ఒక సీటు

డిసెంబరు 25న "సోలో బ్రతుకే సో బెటర్" థియేటర్లలో విడుదలైంది. తొమ్మిది నెలల తరువాత హాల్లో కొత్త తెలుగు సినిమా! పోస్టరు మీద ఆ పేరు చదివి బాబాయ్ "ఎవుడికిరా బెటరు?" అన్నాడు. ముగ్గురం నవ్వుకుంటూ టిక్కెట్లు తీసుకున్నాం. సగం సీట్లకే అనుమతి గనక ఒకటి వదిలి ఒకటి కూర్చోబెట్టారు. దీపాలు ఆరి, తెర మీద మొదటి వెలుగు పడగానే హాలంతా ఈలలు. నేనూ వేద్దామనుకున్నాను, మాస్కు అడ్డం!

ఇంటర్వెల్లో బయటికెళ్ళి పాప్‌కార్న్ ధర చూశాను. మనసులో లెక్క కట్టాను. కందిపప్పు కిలో కంటే ఎక్కువ. వట్టి చేతులతో తిరిగొచ్చి కూర్చున్నాను. బాబాయ్ అటూ ఇటూ చూసి, టార్చిలైటువాడు దూరంగా వున్నాడని నిర్ధారించుకుని, ప్యాంటు జేబులోంచి కాగితం పొట్లం తీశాడు. వేయించిన పల్లీలు, ఉప్పు, కారం. మాస్కులు గడ్డం కిందికి లాక్కుని, మధ్యలో వున్న ఖాళీ సీట్ల మీదుగా చేతులు చాపి అందుకున్నాం.