మూసీకి పెడమొగము పెట్టిన పాతబస్తీ

సముద్రపుటొడ్డున వెలసిన చిన్న పట్టణమునకు అభివృద్ధి వచ్చినపుడు తొలుత మారునది దాని నీటియంచు. వలలు ఆరవేయుచోట హోటళ్ళును, పడవలు లాగుచోట కాంక్రీటు గోడలును లేచి, తరతరములుగా ఆ ఒడ్డుననే బ్రదికినవారు మెల్లమెల్లగా లోపలికి జరుగుదురు. హైదరాబాదు పాతబస్తీకి సముద్రము లేదు. గోలకొండ రాజ్యమునకు సముద్రపు వాకిలియైన మచిలీబందరు ఇచ్చటికి ఎన్నో మజిలీల దూరము. అయినను పాతబస్తీయు నీటియొడ్డు ఊరే. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినారును నెలకొల్పి నగరమునకు పునాది వేయుటకు పదుమూడేండ్ల ముందే, 1578లో, ఇబ్రహీం కుతుబ్ షా కాలమున పురానాపూల్ వంతెన మూసీపై నిలిచినది. ఊరు పుట్టకమునుపే ఊరికి వంతెన అమరిన వింత ఇది. తరువాత ఆసఫ్‌జాహీల కాలమున పూర్తియైన ప్రాకారమునకు నదివైపున చంపా దర్వాజా, ఢిల్లీ దర్వాజా, అఫ్జల్ దర్వాజా, చాదర్‌ఘాట్ దర్వాజా అను ద్వారములుండెడివి. నేడు ఆ ప్రాకారపు ద్వారములలో మిగిలినవి పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా రెండే.

ముచుకుందానది యను మారుపేరు గల ఈ మూసీ చరిత్రలో 1908 సెప్టెంబరు 28వ తేదీని పాతబస్తీవారు నేటికిని ‘తుగ్యానీ సితంబర్’, అనగా సెప్టెంబరు వరద, అని చెప్పుకొందురు. అనంతగిరి కొండలనుండి నగరమువరకు నదీపరివాహక ప్రాంతమున గొలుసుకట్టుగా అమరిన 788 చెరువులలో 221 చెరువులు నాడు కురిసిన భారీ వర్షమునకు తెగిపోయినవని లెక్క. గొలుసుకట్టు చెరువుల గుణమే అది: అలుగు పారినంతకాలము ఒక చెరువు మరియొకదానికి ప్రాణము పోయును గాని, పైచెరువు కట్ట తెగినచో క్రిందిచెరువు తన నీటితోపాటు దాని నీటిని సైతము మోయవలసివచ్చి తానును తెగును, అట్లు ఒకదానివెంట ఒకటి తెగి, కురిసిన వానతోపాటు నిలువయున్న నీరెల్ల ఒక్క రేయి ఊరిమీద పడినది. అఫ్జల్‌గంజ్, కోల్సావాడీ మొదలగు వాడలు కొట్టుకొనిపోయినవి. మృతులు సుమారు 15,000 మంది యని అంచనా. నగరజనములో నాలుగవ వంతు నిలువ నీడలేనివారైరి. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోనున్న చింతచెట్టు ఒకటి నూరుమందికి పైగా జనమును తన కొమ్మలపై మోసి కాపాడినది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ నదికి చీరయు గాజులును సమర్పించి హారతి పట్టెనని జనశ్రుతి. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తన తల్లిని, భార్యను, బిడ్డను ఆ నీటిలో పోగొట్టుకొని తానొక్కడు మిగిలెను.

విపత్తు వచ్చిన ఊళ్ళన్నియు ఒకే తీరున లేవవు. 1864 నవంబరు 1వ తేదీ తుఫానులో సముద్రము పొంగి సుమారు 30,000 మందిని బలిగొన్న పిదప మచిలీబందరు పూర్వపు వైభవమునకు మరల రాలేదు. హైదరాబాదు అట్లు కాక, వరదను సాకుగా గొని తన్నుతాను మార్చుకొన్నది. ఆ పనికి పిలువబడినవాడు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. బొంబాయి ప్రభుత్వోద్యోగము చాలించిన ఆ ఇంజనీరు 1909లో వచ్చి, వరద కొలతలు తీసి, నగరమునకు ఎగువన మూసీపై ఒకటి, దాని ఉపనదియైన ఈసీపై ఒకటి జలాశయములు కట్టి నీటినాపవలెనని నివేదించెను. మొదటిది ఉస్మాన్ సాగర్, జనులు గండిపేట యనునది, 1920లోను, రెండవది హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియైనవి. నివేదిక అంతటితో ఆగలేదు: నగరములోని మురుగు నదిలో కలియక వేరుగా పోవలెననియు, ఒడ్డుల వెంబడి కట్టలు, తోటలు, విహారమార్గములు ఉండవలెననియు ఆయన కోరెను. ఆ మూడింటిలో నీటినాపుట మాత్రము సంపూర్ణముగ నెరవేరినది.

1912లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏర్పరచిన నగరాభివృద్ధి బోర్డు (సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, సి.ఐ.బి.), జనుల నోట ‘ఆరాయిష్-ఎ-బల్దా’, పాతబస్తీ ముఖమునే మార్చివేసెను. ఇరుకు సందులను చీల్చి రోడ్లు వెడల్పు చేసినది. చార్‌కమాన్ వద్దనుండి నదివైపు పోవు వీథికి రెండుప్రక్కల రాతికమానుల దుకాణములు కట్టి పత్తర్‌గట్టీ నిలిపినది. అత్తరు, ముత్యములు, పెండ్లిబట్టలు అమ్ము ఆ వరుసలో ఎండవానలు సోకకుండ నడచుటకు నేటికిని ఆ కమానులే నీడ. నదికి ఇరుప్రక్కల విన్సెంట్ ఎష్ అను ఆంగ్ల వాస్తుశిల్పి దక్షిణమున హైకోర్టును, నేడు సిటీ కాలేజీయైన ఉన్నత పాఠశాలను, ఉత్తరమున ఉస్మానియా ఆసుపత్రిని రూపొందించెను. ఆ భవనములు వెలిసిన కాలమునకు నది యింకను చూడదగినదిగా నుండెననుటకు వాని ముఖములు నదివైపే తిరిగియుండుట సాక్ష్యము. బోర్డు చేసిన పనియంతయు మృదువైనదని నేననను. వెడల్పైన ప్రతి రోడ్డు క్రిందను ఎవరిదో ఒక వాకిలి పోయియుండును. కాని అది పడగొట్టుటతో పని ముగించక చిన్నజీతగాండ్రకు గాలి వెలుతురు గల ఇండ్లు కట్టి అద్దెకిచ్చినది, ‘సి.ఐ.బి. క్వార్టర్లు’ అను పేరు ఊరిలో ఇంకను వాడుకలో నున్నది.

ఇచ్చటినుండి కథ మలుపు తిరుగును. ఎగువన రెండు ఆనకట్టలు నిలిచిన తరువాత గండిపేట నీరు నగరమునకు త్రాగునీరైనది. ఆ తీయదనమును పొగడని పాతబస్తీవారు లేరు. కాని ఏటికి ఏడాది పొడవున వచ్చు పారుదల ఆగిపోయినది. ఏటిలో పారుటకు మిగిలినది ఊరి మురుగే. 1956లో నగరము ఆంధ్రప్రదేశమునకు రాజధానియై, జనము పెరిగి, కాలనీలు పెరిగినకొలది నాలాలన్నియు మూసీకే దారితీసినవి. దుర్గంధమునకు కిటికీలు మూసికొన్న భవనములు, వెనుకగోడలు నదివైపునకు లేపిన గోదాములు, ఎండిన గర్భములో మొలచిన పశుగ్రాసపు మడులు — ఊరు నదికి పెడమొగము పెట్టినది. ఆ గ్రాసముతోనే ఎన్నో పాడిగేదెలు బ్రదికినవన్నది వేరుమాట.

ఆనకట్ట నదిని ఆపినపుడు నదీగర్భము ఖాళీనేలవలె కనబడును. ఖాళీనేల కనబడినచోట, మరియొకచోట స్థలము కొనలేనివాడు గుడిసె వేయును. చాదర్‌ఘాట్ ప్రాంతపు మూసానగర్, శంకర్‌నగర్ వంటి బస్తీలు అట్లు పెరిగినవి. స్టాంపు కాగితముపై నోటరీ సంతకముతో చేతులు మారిన ఇండ్లెన్నియో ఆ వాడలలో కలవు. వానికి కరెంటు మీటరు వచ్చినది, ఇంటిపన్ను రశీదు వచ్చినది, ఓటు వచ్చినది, పట్టా మాత్రము రాలేదు. పేదవారే నదిని ఆక్రమించిరని అనువారు, గౌలిగూడ వద్ద మూసీ నడుమనే 1994లో తెరచిన మహాత్మాగాంధీ బస్సుస్టేషనును ఒకమారు చూడవలెను. జనులు ఇమ్లీబన్ అని పిలుచు ఆ చోట నదికి నడుమ బస్సులు నిలుపుటకు ఏ పేదవాడును అర్జీ పెట్టలేదు. 2025 సెప్టెంబరు చివరి వారమున జంట జలాశయముల గేట్లెత్తగా నీరు ఆ స్టేషనులోనికి వచ్చి, ప్రయాణికులను త్రాళ్ళ సాయముతో బయటికి చేర్చవలసివచ్చినది. 1908 వరద వచ్చినదియు సెప్టెంబరు చివరి వారముననే.

ఒడ్డుకు దూరముగా, బస్తీ దక్షిణపు కొననున్నవారును నీటినుండి తప్పించుకొనలేదు. 2020 అక్టోబరున పల్లెచెరువు, గుర్రంచెరువు కట్టలు తెగి హాఫిజ్ బాబానగర్, అల్ జుబైల్ కాలనీ వంటి వాడలు మునిగినవి. విశ్వేశ్వరయ్య తన కాలమున లెక్కించిన ఆ గొలుసుకట్టులోని మిగిలిన ముక్కలపై ఇండ్లు లేచినవి. కట్ట తెగినపుడు మాత్రము నీరు తన పాతదారినే వెదకికొన్నది. ఇక నగరము దక్షిణమునకు పెరుగుటకు మారుగా పడమటికి పోయి, 1998 నాటి హైటెక్ సిటీ తరువాత ధనమంతయు అచ్చటికి చేరి, పాతబస్తీకి చేరినది అద్దెలు పెరుగుట, రోడ్డు ఇరుకగుట మాత్రమే.

ఇపుడు మరల నదివైపు చూపు మరలినది. 2017లో ఏర్పడిన మూసీ నదీతీరాభివృద్ధి సంస్థ నగరము పొడవున సుమారు 55 కిలోమీటర్ల తీరమును మార్చదలచినది. 2024 శరత్కాలమున అధికారులు వచ్చి నదీగర్భములోని ఇండ్ల గోడలపై కూల్చుటకు గుర్తుగా ఎఱ్ఱరంగుతో ‘ఆర్‌బి-ఎక్స్’ అని వ్రాసిరి. అక్టోబరున మూసానగర్, శంకర్‌నగర్ ప్రాంతములలో ఇండ్లు ఖాళీ చేయించి కూల్చిరి. ప్రభుత్వము రెండు పడకగదుల ఇండ్లిచ్చినది. ఆ కుటుంబములలో కొన్నింటికి దగ్గరనే మలక్‌పేట పిల్లిగుడిసెలలో దొరికినవి. ఇంతకుముందును, చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా నున్న కాలమున, మూసీ బస్తీలవారిని కర్మన్‌ఘాట్ ప్రక్కనున్న నందనవనమునకు తరలించుట జరిగినది. నాడు తరలినది కొందరు. ఒడ్డు మరల నిండినది. నగరము మధ్యనున్న మురికిపాయ ప్రక్కనున్న గది, నగరము అంచుననున్న తెల్లని ఫ్లాటుకంటె కూలివానికి ప్రియముగా నుండుట మనకు వింతగా తోచును గాని, లాడ్ బజారులో లక్కగాజులకు రాళ్ళు పొదుగు పనికో, అఫ్జల్‌గంజ్ మండీలో మూటలెత్తు పనికో తెల్లవారుజామున నడచిపోవువానికి బస్సుచార్జీయే కూలిలో కొంతభాగమును మ్రింగివేయును.

ఈ నదీతీర ప్రణాళికలో ఇంకొక విశేషము కలదు. గోదావరి జలములను మల్లన్నసాగర్ జలాశయమునుండి గండిపేటకు తెచ్చి, అందు కొంత మూసీలో విడిచి నదిని పారించదలచినారు. ఎగువన నీటిని ఆపి ఎండించిన యేటికి మరియొక నదినుండి నీరు తెచ్చుట ఇంజనీర్లకు గొప్ప విద్యయే. అంతకంటె ముందు 1996 నాటి 111వ జీవో జంట జలాశయముల చుట్టు పది కిలోమీటర్లమేర నిర్మాణములకు వేసిన కట్టుబాట్లను 2022లో సడలించుట, ఆ జలాశయములకు చేరు వాననీటి పాయలమీద ఇండ్లు లేవకుండ కాపాడవలసిన వారి పనిని మరింత కష్టము చేసినది. ఇక మెట్రో రైలు మహాత్మాగాంధీ బస్సుస్టేషనునుండి చాంద్రాయణగుట్టవరకు ఏడున్నర కిలోమీటర్లు రానున్నది; దానికి 2024 మార్చి 8న ఫలక్‌నుమా వద్ద శంకుస్థాపన జరిగినది. ఆ మార్గమున దారుల్‌షిఫా ప్రాంతమున దుకాణములు తొలగించుటకు నోటీసులు వెళ్ళినవి. మెట్రో వచ్చినచో చాంద్రాయణగుట్టనుండి కూలివాడు అఫ్జల్‌గంజ్ చేరుటకు పట్టు వేళ తగ్గును. టిక్కెట్టు ధర అతని కూలికి అందుబాటులో నుండునా యన్నది ప్రణాళికా చిత్రములలో ఎచ్చటను వ్రాయబడలేదు.